సుంకర అని ఇంటిపేరు ఉంటే ముత్తాత సుంకం వసూలు చేసినట్టేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. మీ ఇంటిపేరు సుంకర. సొంతూరు అమలాపురం దగ్గర. ముత్తాత వెంకయ్యగారు 1943లో పోయారు, అప్పటికి ఆయనకి యాభై పైచిలుకు. ఆయన తెల్లదొరల దగ్గర సుంకం వసూలు చేసే ఉద్యోగం చేశారని, ఇంటిపేరు అలాగే వచ్చిందని మీ ఇంట్లో అనుకుంటారు. తాతమ్మ పేరు సూరమ్మ. ఆవిడ 'కృష్ణా జిల్లా పిల్ల' అని మీ నాయనమ్మ అనేవారు. పుట్టింటివారి ఇంటిపేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు. మీ తాతగారు 1918లో పుట్టారు. ఆవిడ పుట్టిల్లు వెతుకుతూ మీరు బందరు వైపు, దివిసీమ వైపు రెండుసార్లు వెళ్ళి, ఊరూరా అడిగి, ఏమీ దొరక్క తిరిగొచ్చారు.

నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్ఫై ఏళ్ళకి పైగా రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. మనుషులు కాగితం మీద తమ గురించి ఏం రాయించుకుంటారో, ఏం రాయించుకోరో చూస్తూ ముసలివాణ్ణయ్యాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. మీరు ఇంటిపేరు పట్టుకుని ముత్తాత దాకా దిగి వద్దామనుకుంటున్నారు. అలా కాదు, ముత్తాత దగ్గర నిలబడి వెనక్కి నడవాలి. ఇంటిపేరు మొట్టమొదట దాన్ని మోసిన మనిషి గురించి చెబుతుంది. ఆ మనిషికీ వెంకయ్యగారికీ మధ్య పది తరాలు ఉండొచ్చు, పదిహేనూ ఉండొచ్చు.

మీ పేరునే తీసుకుందాం. సుంకరి అంటే సుంకం వసూలు చేసేవాడు, అందులో అనుమానం లేదు. మన దేశంలో ఆ పని చాలా పాతది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇకమీదట లాక్కోం, కట్టాల్సిన సుంకం కడితే చాలు అని వర్తకులకి ఇచ్చిన హామీ అది. కర్పూరానికింత, గంధానికింత అని లెక్క కూడా రాయించాడు. రేవు ఉన్నచోట, బాట ఉన్నచోట, సంత జరిగేచోట సుంకం ఉండేది, దాన్ని వసూలు చేసే మనిషీ ఉండేవాడు. రాత్రంతా దొంగదారుల్లో తిరిగి తిరిగి సుంకరి గుడిసె ముందు తెల్లారినట్టు అనే సామెత ఊరికే పుట్టలేదు.

ఇలాంటి కొలువు పేర్లు మనకి ఇంకా చాలా ఉన్నాయి. రాయసం అంటే ప్రభువు దగ్గర రాతపని. సంప్రతి అంటే లెక్కలు చూసేవాడు. బొక్కసం అంటే ఖజానా. స్థానాపతి అంటే ఒక రాజు తరఫున ఇంకో రాజు దగ్గర ఉండే రాయబారి. మంత్రిప్రగడలో ప్రగడ అంటే కూడా మంత్రే. అడపం అంటే తాంబూలపు సంచి. రాజుగారికి దగ్గరగా మసలే నమ్మకస్తుడు దాన్ని పట్టుకునేవాడు, అడపా అనే ఇంటిపేరు అక్కణ్ణుంచి వచ్చిందే. రాజ్యాలు పోయాయి, కొలువులు పోయాయి, పేర్లు మిగిలాయి. ఊళ్ళ పేర్లతో వచ్చిన ఇంటిపేర్లదీ ఇదే కథ. తాళ్ళపాకవారు తిరుపతిలో తరాలపాటు ఉన్నా పేరు మాత్రం కడప సీమలోని ఊరిదే.

పేరుని నమ్ముకుని వృత్తి చెప్పేస్తే ఏమవుతుందో చూడండి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి దారి పొడవునా చూసినదంతా రాసిపెట్టిన వీరాస్వామయ్యగారి ఇంటిపేరు ఏనుగుల. ఆయన చేసింది మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ పని, అంటే ఒక భాషలో మాటని ఇంకో భాషలో చెప్పడం. పేరొకటే చేతిలో ఉంటే ఆయన్ని మావటివాడిని చేసేసేవాళ్ళం.

నా సంగతీ చెబుతాను. మా ఇంటిపేరుకి కూడా అర్థం రాతపనే. తరతరాలుగా కలం పట్టిన వంశం మాది అని కుర్రతనంలో నాకు భలే గర్వంగా ఉండేది, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి చెప్పుకునేవాణ్ణి కూడా. ఒకరోజు ఎవరిదో పొలం తగాదా కోసం పాత నకళ్ళు తీయిస్తుంటే మా ముత్తాత అమ్మిన చేనిది 1911 నాటి దస్తావేజు కనబడింది. చివర ఆయన చేవ్రాలు ఉండాల్సిన చోట బొటనవేలి ముద్ర. పక్కన ఇంకొకరి చేతిరాతతో 'నిశాని' అని ఉంది. ఆయనకి సంతకం రాదు! ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఇప్పుడు వెంకయ్యగారి దగ్గరికి వద్దాం. ఆయన పుట్టింది 1890 ప్రాంతంలో. మద్రాసు రాజధానిలో దారుల మీద సరుకులకి వేసే సుంకాన్ని, అప్పట్లో సాయరు అనేవాళ్ళు, కుంపిణీవాళ్ళు 1844లోనే ఎత్తేశారు. అంటే బాట పక్కన గుడిసె వేసుకుని బండ్లు ఆపే సుంకరి ఆయన పుట్టడానికి అర్ధ శతాబ్దం ముందే మాయమైపోయాడు. (నైజాంలో సంగతి వేరు. అక్కడ కరోడ్‌గిరీ అని సుంకాల శాఖ ఆ తరవాత కూడా చాలాకాలం నడిచింది. మీది కోనసీమ కాబట్టి అది మనకి పట్టదు.) కాబట్టి ఇంటిపేరు ఆయన ఉద్యోగం వల్ల రాలేదు. ఇంటిపేరుని బట్టే ఉద్యోగం కథ పుట్టిందేమో అని ముందు అనుమానించాలి. 'మనం సుంకరవాళ్ళం, మన పెద్దలు సుంకం వసూలు చేసేవాళ్ళు' అని ఎవరో అంటారు. రెండు తరాలు తిరిగేసరికి ఆ 'పెద్దలు' కాస్తా ఒక్క ముత్తాత అయిపోతాడు. ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశాను.

అలాగని ఇంట్లో మాటని చెత్తబుట్టలో వెయ్యకండి. ఈ పొగ నిప్పు లేకుండానే వచ్చి ఉండొచ్చు, వెనక నిప్పు ఉండి కూడా ఉండొచ్చు. ఆయన కాలానికి 'సుంకం' అని జనం అనగలిగే పనులు మూడు కనిపిస్తాయి. మొదటిది కాకినాడ రేవులో సముద్రపు సుంకం ఆఫీసు. రెండోది ఉప్పు, అబ్కారీ (కల్లు, సారా పన్నుల) శాఖ. ఈ రెండింట్లో పనిచేసి ఉంటే ఆయన నెల జీతగాడు, ఊరు వదిలి తిరిగి ఉండాలి, తాతగారి చదువు నాలుగు ఊళ్ళల్లో సాగి ఉండాలి, పింఛను మాట ఇంట్లో వినబడాలి. మీరు రాసినదాంట్లో అవేవీ లేవు. పైగా ఆయన ఊళ్ళోనే పొలం చేయించుకునేవారని మీరే రాశారు.

మూడోదాని మీదే నాకు గురి. రేవు పాటలు, సంత ఆశీలు, అంటే రేవులోనూ సంతలోనూ రుసుము వసూలు చేసుకునే హక్కుని వేలంలో పాడుకోవడం. 1884 చట్టం తరవాత తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు వచ్చాయి. సంతలు వాటి కిందికి వెళ్ళాయి, రేవుల మీద రుసుము వసూలుకి 1890లో కాలవలు, రేవుల చట్టం అని విడిగా ఒకటి చేశారు. బోర్డువాళ్ళు స్వయంగా వసూలు చేసేవాళ్ళు కాదు, ఏడాదికోసారి వేలం వేసేవాళ్ళు. ఎక్కువ పాడినవాడు పాటదారు. మనిషికింత, గొడ్డుకింత, బండికింత అని ఆ ఏడాదంతా వసూలు చేసుకునేవాడు. చుట్టూ గోదావరి పాయలు ఉన్న కోనసీమలో రేవు పాట అంటే చిన్న విషయం కాదు. నాలుగెకరాలున్న రైతు ఒక ఏడాది ధైర్యం చేసి రేవు పాడుకుంటే ఊళ్ళో దొరగారి మనిషి అన్నంత పేరు వచ్చేది. 'తెల్లదొరల దగ్గర సుంకం' అన్న మాట దీనికి అతికినట్టు సరిపోతుంది. ఇది నా ఊహ మాత్రమే. కాగితం దొరికేదాకా ఊహగానే ఉంచండి.

కాగితం ఎక్కడ దొరుకుతుందంటే, పాటదారు ఊరికే పాడటానికి లేదు, జామీను చూపించాలి. డబ్బు చాలనివాడు పొలం తనఖా పెట్టేవాడు. తనఖా అంటే రిజిస్టరు అవుతుంది. బోర్డుల పాత ఫైళ్ళు చెదలపాలయినా, నీటిపాలయినా, తనఖా దస్తావేజు నకలు రిజిస్ట్రారు దగ్గర ఒకటో నంబరు పుస్తకంలో ఉంటుంది. స్థిరాస్తి లావాదేవీలన్నీ అందులోనే ఎక్కుతాయి. ఆ పుస్తకాన్ని, దాని సూచికల్ని రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది, 57వ సెక్షను. మీరు వారసులని నిరూపించుకోవాల్సిన పని కూడా లేదు. వీలునామాల పుస్తకం వేరు, అది మూడో నంబరు; రాసినాయన పోయాక ఎవరడిగినా నకలు ఇస్తారు. నాలుగో నంబరు పుస్తకం మాత్రం సంబంధించిన వాళ్ళకే.

ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసి 'ఏమీ లేదండీ' అని చాలామంది నిరాశపడతారు. ఆన్‌లైన్‌లో ఉన్నది 1983 నుంచే. మీకు కావలసింది 1905 నుంచి 1943 దాకా, అది ఆఫీసుకి వెళ్ళి చేత్తో వెతికించుకోవాలి. సూచికలు రెండు రకాలు. మొదటిది మనుషుల పేర్లతో, రెండోది ఊరు, సర్వే నంబర్లతో. అక్కడివాళ్ళు సర్వే నంబరు అడుగుతారు, అది వాళ్ళకి తేలిక. మీరు మాత్రం పేర్ల సూచిక అడగండి. సుంకర, సుంకరి, సుంకరవారి అని మూడు రకాలుగానూ చూడండి. సుంకవల్లి అని ఉంటే అది వేరే ఇంటిపేరు, దాంతో కలపకండి. అసలు ఇంటిపేరు రాయకుండా 'వెంకయ్య' అని ఊరుకున్న గుమస్తాలు కూడా ఉన్నారు, ఓపిక పట్టాలి.

దస్తావేజు చేతికొచ్చాక తీరిగ్గా చదవండి. రాయించేవాడి నివాసం, వృత్తి, తండ్రి పేరు రాయడం చట్టం పెట్టిన షరతు. పాతవాటిలో కులం కూడా ఉంటుంది. 'గోదావరి జిల్లా అమలాపురం తాలూకా ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానావారి కుమారుడు సుంకర వెంకయ్య, జీవనం సేద్యం' అని ఉందనుకోండి, వృత్తి దొరికింది, ముత్తాత తండ్రి పేరు కూడా దొరికింది. జీవనం దగ్గర 'కంట్రాక్టు' అనో 'రేవు ఇజారా' (రేవు గుత్త) అనో ఉంటే నా ఊహ నిజమైనట్టే, నాకు ఒక కబురు చెప్పండి. సాక్షుల పేర్లు వదిలేయకండి. బావమరిది సాక్షి సంతకం పెట్టని తనఖా నా చేతిమీదుగా పోయినవాటిలో తక్కువే.

తారీఖుల దగ్గర తికమక పడతారు. ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి. ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ దాకా. తెలుగు సంవత్సరం పేరొక్కటే ఉంటే అది అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి మనిషి వయసుతో సరిచూసుకోవాలి. రాక్షస అంటే 1915, కాళయుక్తి 1918. మీ తాతగారిది కాళయుక్తి అన్నమాట, ఉగాదికి ముందు పుట్టి ఉంటే పింగళ.

ఇక పెళ్ళి సంగతి. మీరు తిరిగిన రెండు ప్రయాణాలూ దండగైంది ఇక్కడే. మీ నాయనమ్మ అబద్ధం చెప్పలేదు, మీరు ఇప్పటి మ్యాపు పెట్టుకుని ఆవిడ మాట విన్నారు.

1904లో గుంటూరు జిల్లాని కొత్తగా ఏర్పాటు చేసినప్పుడు గోదావరి జిల్లాలో ఉన్న ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాల్ని కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా పుట్టేదాకా అవి కృష్ణా జిల్లావే. మీ తాతగారు 1918లో పుట్టారంటే ఆయన అమ్మానాన్నల పెళ్ళి అంతకు ముందు పది పదిహేనేళ్ళలో జరిగి ఉండాలి, సరిగ్గా ఈ ఇరవై ఒక్క ఏళ్ళ మధ్యలో. అప్పట్లో నరసాపురం పిల్ల అన్నా, పాలకొల్లు పిల్ల అన్నా, భీమవరం పిల్ల అన్నా కాగితం మీద కృష్ణా జిల్లా పిల్లే. అమలాపురం నుంచి రాజోలు మీదుగా సఖినేటిపల్లి వెళ్ళి పంటు ఎక్కితే అవతలి ఒడ్డు నరసాపురం. మీరు బందరు దాకా వెళ్ళొచ్చారు, తాతమ్మ పుట్టిల్లు రేవు దాటగానే ఉండి ఉండొచ్చు. పైన చెప్పిన సుంకరి గుడిసె సామెత మీకు ఇప్పుడు ఇంకాస్త బాగా నచ్చుతుందనుకుంటా.

ఆ రోజుల్లో సంబంధాలు ఎంత దూరం చూసేవాళ్ళు? బండిలోనో పడవలోనో ఒక పూటలో వెళ్ళి వచ్చేంత. గోదావరి మీద రాజమండ్రి దగ్గర రైలు వంతెన 1900లో వచ్చింది కాబట్టి దూరపు సంబంధాలు అసలు లేవని అనను. కాని మామూలు రైతు ఇంటికి దివిసీమ నుంచి పిల్లని తెచ్చారంటే ఏదో ప్రత్యేక కారణం ఉండాలి. రేవు అవతల నుంచి తెచ్చారంటే కారణమేమీ అక్కర్లేదు. ఇంకా, ముత్తాత నిజంగా రేవు పాటదారే అయితే అవతలి ఒడ్డువాళ్ళతో రోజూ పరిచయం ఉండేది. ఇది మాత్రం కొంచెం సినిమా కథలాగా ఉంది, పక్కన పెడదాం.

మరి ఏ ఊరు? ఆడపిల్లకి పెళ్ళిలో పసుపు కుంకుమల కింద అరెకరమో ఎకరమో రాసిచ్చే అలవాటు కోస్తాలో బాగా ఉండేది. కొందరు దస్తావేజు రాయించేవాళ్ళు, ఎక్కువమంది నోటిమాటగా ఇచ్చి లెక్కల్లో పేరు మార్పించేవాళ్ళు. ఆ భూమి పుట్టింటి ఊళ్ళో ఉంటుంది, ఆవిడ పేరు అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. అంటే నరసాపురం వైపు ఊళ్ళ పాత రీసెటిల్‌మెంటు రిజిస్టర్లలో, పాత అడంగళ్ళలో (ఏ సర్వే నంబరు ఎవరిదో రాసే ఊరి భూమి లెక్కల్లో) మీరు వెతకాల్సింది తాతమ్మ పుట్టింటివాళ్ళని కాదు. ఊరంతా వేరే ఇంటిపేర్లున్న చోట ఒంటరిగా కనబడే 'సుంకర సూరమ్మ'ని. సుంకరవాళ్ళు ఒక్క కుటుంబం కూడా లేని ఊళ్ళో సుంకర ఇంటిపేరుతో ఒక ఆడమనిషికి అరెకరం ఉందంటే ఆవిడ ఆ ఊరి ఆడపడుచు. పక్క సర్వే నంబర్ల వాళ్ళ ఇంటిపేరు చూడండి. తండ్రి చేలోంచే కోసి ఇచ్చి ఉంటాడు కాబట్టి, చాలాసార్లు ఆ పక్కవాళ్ళే అన్నదమ్ములు. నేను ఈ పద్ధతిలో మూడు కుటుంబాలకి పుట్టిళ్ళు వెతికిపెట్టాను. ఒక ఇంట్లో మాత్రం ఆ భూమి ఇంకా ఆవిడ పేరునే ఉందని తెలిసి అన్నదమ్ముల మధ్య కొత్త గొడవ లేచింది. ముందే చెబుతున్నాను.

ఆ అరెకరం తరవాత అమ్మేసి ఉంటే ఇంకా మంచిది. అమ్మకం దస్తావేజులో 'నా తండ్రిగారు నాకు పసుపు కుంకుమల నిమిత్తం ఇచ్చిన' అని తండ్రి పేరుతో సహా చరిత్ర రాస్తారు. మేము రాసేవాళ్ళం, మాకు ముందువాళ్ళూ రాశారు. ఆ నకలు మీద 'కృష్ణా జిల్లా నరసాపురం తాలూకా' అని చూసి మళ్ళీ బందరు బస్సెక్కకండి.

రేవు దాటే ముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. మీ ఊళ్ళో మిగతా సుంకరవాళ్ళు ఉన్నారా? వాళ్ళింట్లో ఎవరైనా పోతే మీకు పది రోజుల మైల ఉందా? ఉంటే మీరు దాయాదులు, ఒకే మూలం. లేకపోతే, గోత్రం కూడా కలవకపోతే, ఇంటిపేరు ఒకటైనా వంశాలు వేరు. సుంకర అనే పేరు ఒక్క కులంలోనే లేదని కూడా గుర్తుంచుకోండి. సుంకం వసూలు చేసినవాళ్ళందరూ ఒకే కులంవాళ్ళు కాదు మరి.

మైల లేదంటే ఇంకో అనుమానం రావాలి, ఇల్లరికం. మగపిల్లలు లేని ఇంట్లో అల్లుణ్ణి తెచ్చి పెట్టుకుంటే పిల్లలకి అమ్మ పుట్టింటి పేరు అంటుకుపోవడం మామూలే. దీన్నే ఇల్లటం అని మద్రాసు హైకోర్టు కూడా కొన్ని కులాల్లో ఆచారంగా ఒప్పుకుంది. ఇల్లటపు అల్లుడికి కొడుకుతో సమానంగా వాటా వచ్చేది. వాటా వచ్చిందంటే తగాదా కూడా వచ్చి ఉంటుంది, తగాదా వచ్చిందంటే కోర్టులో వంశవృక్షం దాఖలై ఉంటుంది. మీ ముత్తాతో, ఆయన తండ్రో అలా వచ్చినవాడైతే సుంకర అనే పేరు మీకు ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చినట్టు. అప్పుడు ఇంటిపేరు అర్థం వెతికి ముత్తాత వృత్తి చెప్పడం ఇంకా అర్థం లేని పని.

మేనరికాల లెక్క కూడా వేయండి. ఒక తెల్లకాగితం మీద మీ నాన్నగారి మేనమామలు, తాతగారి అక్కచెల్లెళ్ళ అత్తిళ్ళు, వాళ్ళ పిల్లల అత్తిళ్ళు, అన్నిటి ఇంటిపేర్లూ రాయండి. ఏదో ఒక పేరు రెండుసార్లో మూడుసార్లో వస్తే దాని కింద గీత గీయండి. మన ఇళ్ళల్లో అమ్మ పుట్టింటి నుంచే కోడలిని తెచ్చేవాళ్ళు, కూతుర్ని మళ్ళీ అక్కడికే ఇచ్చేవాళ్ళు, కుండమార్పిళ్ళు సరేసరి. తాతమ్మ పుట్టింటి పేరు మీరు మరిచిపోయారు కాని, ఆ పేరు మీ చుట్టాల్లో ఎక్కడో తిరుగుతూనే ఉండి ఉంటుంది. తాతగారి చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ముఖ్యంగా చూడండి. బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుందని, ఆ లోపలే దేశమంతా చిన్నపిల్లల పెళ్ళిళ్ళు హడావుడిగా కానిచ్చారు. హడావుడిలో సంబంధాలు వెతికే తీరిక ఉండదు, మేనమామ ఇల్లే దిక్కు.

మరణాల పుస్తకం కూడా ఒకసారి చూడాలి. మద్రాసు రాజధానిలో జననమరణాల నమోదుకి 1899లో చట్టం వచ్చింది, ఊళ్ళో మునసబు రాసేవాడు. 1943లో వెంకయ్యగారిది చూడండి, దాంతోపాటు 1918, 1919 కూడా చూడండి. ఇన్‌ఫ్లూయెంజా ఊళ్ళకి ఊళ్ళని ఊడ్చేసిన ఏడాది అది. బాలింతలు చాలామంది పోయారు, మగవాళ్ళు చాలామంది మారు పెళ్ళి చేసుకున్నారు. సూరమ్మగారు మీ తాతగారిని కన్నతల్లా, పెంచినతల్లా అన్నది మీరు ఎక్కడా రాయలేదు. అడిగి ఉండరు. ఇళ్ళల్లో ఈ మాట చెప్పరు కూడా. తాతగారి తద్దినాలు పెట్టించిన పురోహితుడు ఎవరో, లేదా మీవాళ్ళు ఎవరైనా గయ వెళ్ళొచ్చారేమో కనుక్కోండి. పిండాలు పెట్టేటప్పుడు తల్లి పేరు, తల్లి తండ్రి పేరు చెప్పాలి. గయ పండాలు తమ దగ్గరికి వచ్చినవాళ్ళ ఊరు, వంశం పుస్తకాల్లో రాసుకుంటారు.

ఇంకొక దారి ఉంది, అది కాగితంలో ఉండదు. మన దగ్గర చాలా కులాలకి వంశావళి చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. పద్మశాలీలకి సాధనాశూరులు, విశ్వబ్రాహ్మణులకి రుంజవాళ్ళు, గొల్లలకి మందహెచ్చులు, మాదిగలకి డక్కలివాళ్ళు. రైతు కులాలకి పిచ్చకుంట్లవాళ్ళు చెప్పేవాళ్ళు, ఆ పేరు వాళ్ళకి నచ్చక ఇప్పుడు వంశరాజులు అంటున్నారు. గోత్రాలు, ఇంటిపేర్లు, ఎవరింటి పిల్ల ఎవరింటికి వెళ్ళిందో పాటలాగా చెప్పేస్తారు. మీ చిన్నప్పుడు కోతల కాలంలో కళ్ళంలోకి వచ్చి గింజలు అడుక్కుని వెళ్ళినవాళ్ళు ఎవరో ఊళ్ళో ముసలివాళ్ళకి గుర్తుంటుంది. వాళ్ళు చెప్పిందంతా నిజమనుకోనక్కర్లేదు, దానకర్ణుడి దగ్గర మొదలుపెట్టి మీ వంశం తెస్తారు. కాని చివరి నాలుగు తరాలూ మాత్రం జాగ్రత్తగా రాసుకోండి.

దబ్బున డబ్బు ఖర్చుపెట్టకండి. ఇంటిపేరు పంపిస్తే వంశచరిత్ర ఫ్రేము కట్టి ఇస్తామనేవాళ్ళు బయల్దేరారు. అందరికీ ఒకే చరిత్ర, ఒకే కత్తి బొమ్మ, పేరు మాత్రం మారుస్తారు.

ఇవన్నీ మొదలుపెట్టకముందు ఒక పని చేయండి, దీనికి బస్సు చార్జీ కూడా అవ్వదు. ఊళ్ళో పాత ఇల్లు ఇంకా ఉందన్నారు కదా. అటక మీద ఇత్తడి బిందెలు, గంగాళం, రాగి కాగు లాంటివి ఉంటే దింపించండి. పెళ్ళిలో సారెగా ఇచ్చిన సామాను మీద పేరు కొట్టించే అలవాటు ఉండేది, చిన్న చిన్న చుక్కలతో, మూతి అంచు కింద. చింతపండు పెట్టి తోమితే అక్షరాలు తేలతాయి. 'సుం.' అని మొదలైతే అది మీ ఇంట్లో కొన్నది. ఇంకే అక్షరంతో మొదలైనా అది వేరే ఇంటి నుంచి వచ్చింది. పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి ఫోటో తీసి పంపండి, నేను చదువుతాను. నరసాపురం వైపు ఏ ఇంటిపేర్లు ఏ ఊళ్ళో ఎక్కువో నాకు కొంచెం తెలుసు.